రిపోర్టులో ఎర్ర అంకెలు... గర్భనిరోధక మాత్రలు మానేయాలా?

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఉద్యోగ వివరాలు తీసేసి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇస్తున్నాం.

ఆమెకు 30 ఏళ్లు. నాలుగేళ్ల పాప ఉంది. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 74 కిలోలు. పీసీఓడీ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉండటంతో పెళ్లికి ముందు నుంచీ నెలసరి రెండు మూడు నెలలకోసారి వచ్చేది. ఏడాదిన్నరగా గైనకాలజిస్టు రాసిచ్చిన, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లు కలిసిన గర్భనిరోధక మాత్రలు వాడుతున్నారు. నెలసరి దారిలో పడింది. రెండో బిడ్డకు ఇంకో రెండేళ్లు ఆగుదామని భార్యాభర్తలు అనుకున్నారు కాబట్టి ఆ అవసరమూ తీరింది. అత్తగారింట్లో మాత్రల సంగతి భర్తకు తప్ప ఎవరికీ తెలియదు.

మిగతాది ఆమె మాటల్లోనే:

‘‘మా ఆయన ఆఫీసు తరఫున హెల్త్ చెకప్ ప్యాకేజీ వస్తే ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లారు. సాయంత్రానికి ఫోన్‌లో రిపోర్టు వచ్చింది. హెచ్‌ఎస్ సీఆర్‌పీ 6.4, ఈఎస్‌ఆర్ 28, టీ4 13.6. మూడూ ఎర్రగా ఉన్నాయి. టీఎస్‌హెచ్ 2.3. హిమోగ్లోబిన్ 10.9, అది నాకెప్పుడూ అంతే. మా ఆయన కంగారుపడి రిపోర్టును మా ఆడపడుచుకు ఫార్వర్డ్ చేశారు. ‘ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉంది, ఏం మందులు వాడుతోంది?’ అని ఆమె అడిగింది. దాంతో మాత్రల సంగతి బయటపడింది. ‘ఆ మందులే ఒళ్లు పాడుచేశాయి, మానేసి రెండో కాన్పు కానిచ్చేయ్’ అని అత్తయ్య రోజూ అంటున్నారు. దగ్గర్లోని డాక్టరు ఇన్‌ఫెక్షన్ కావచ్చని ఐదు రోజులు యాంటీబయాటిక్ ఇచ్చారు. మళ్లీ చేయిస్తే 5.9. ఇక భయమేసి పదమూడో మాత్ర దగ్గరే ఆపేశాను. మూడో రోజుకే బ్లీడింగ్ వచ్చింది. ఆపి మూడు వారాలైంది. ఆ తర్వాత ఏ జాగ్రత్తా తీసుకోలేదు. మా అమ్మకు పదేళ్లుగా కీళ్లవాతం, చేతివేళ్లు వంకర్లు పోవడం కళ్లారా చూశాను. నాకూ అదే మొదలైందేమోనని నిద్ర పట్టడం లేదు. ఏఎన్‌ఏ టెస్టు చేయించుకోమని ఒకరు, థైరాయిడ్ మందు మొదలుపెట్టమని ఇంకొకరు అంటున్నారు. ఏం చేయమంటారు?’’

సమాధానం:

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కంగారుపెట్టింది ‘‘ఏ జాగ్రత్తా తీసుకోలేదు’’ అన్న మాట. ముందు మెడికల్ షాపు నుంచి ప్రెగ్నెన్సీ కిట్ తెప్పించుకోండి. స్ట్రిప్పు మధ్యలో ఆపేస్తే వారం దాటాక మాత్రల రక్షణ ఉండదు. మూడో రోజు వచ్చిన బ్లీడింగ్ హార్మోన్ తగ్గడం వల్ల వచ్చింది. అది వచ్చింది కదా అని ధీమాగా ఉండొద్దు. పీసీఓడీలో అండం ఎప్పుడు విడుదలవుతుందో చెప్పలేం కానీ, అసలు విడుదల కాదని అనుకోవడానికి లేదు. చివరిసారి కలిసి మూడు వారాలయ్యాక చేసుకున్న టెస్టును నమ్మొచ్చు. ఈలోపు చేసుకుని నెగెటివ్ వచ్చినా గడువు నిండాక మళ్లీ చేసుకోండి. గడిచిన మూడు రోజుల్లోనే కలిసి ఉంటే 72 గంటల్లోపు ఎమర్జెన్సీ మాత్ర వేసుకోవచ్చు. ఇంకేం నిర్ణయించుకున్నా ఇవాళ్టి నుంచి కండోమ్ తప్పదు.

ఇక రిపోర్టు సంగతి.

సీఆర్‌పీ అనేది లివర్ తయారుచేసే ఒక ప్రొటీన్. దాన్ని మరింత సూక్ష్మంగా కొలిచే పరీక్షే హెచ్‌ఎస్ సీఆర్‌పీ. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని మొదట గుర్తించారు. ఇన్‌ఫెక్షన్ వస్తే గంటల వ్యవధిలో ఇది పదులు, వందల రెట్లు పెరుగుతుంది. అందుకే సీఆర్‌పీ ఎక్కువ అనగానే డాక్టర్ల మనసు ఇన్‌ఫెక్షన్ వైపు పోతుంది. మీకు యాంటీబయాటిక్ రాసిన డాక్టరుగారి ఆలోచనా అదే అయి ఉంటుంది. కానీ మీరు రాసినదాన్ని బట్టి జ్వరం, దగ్గు, మూత్రంలో మంట లాంటివేవీ లేని మనిషికి 6.4 చూసి యాంటీబయాటిక్ ఇవ్వాల్సింది కాదు. ఇన్‌ఫెక్షన్ అయి, మందు పనిచేసి ఉంటే అంకె బాగా దిగేది, ఎందుకంటే రక్తంలో సీఆర్‌పీ ఇంచుమించు 19 గంటలకోసారి సగమవుతుంది. 6.4 నుంచి 5.9 అంటే మార్పు లేనట్టే.

మీరు మింగిన మాత్రలోని ఈస్ట్రోజెన్ పేగుల నుంచి నేరుగా లివర్‌కు చేరుతుంది. అక్కడ అది లివర్ చేత కొన్ని ప్రొటీన్లను మామూలు కంటే ఎక్కువగా తయారు చేయిస్తుంది. వాటిలో సీఆర్‌పీ ఒకటి. ఈ రకం మాత్రలు వాడే ఆడవాళ్లలో సీఆర్‌పీ, వాడనివాళ్ల కంటే సుమారు రెండు మూడు రెట్లు ఎక్కువగా ఉంటుందని ఎన్నో పరిశోధనల్లో కనబడింది. ఒంట్లో నిజంగా మంట (ఇన్‌ఫ్లమేషన్) రగిలితే ముందు ఐఎల్-6 అనే రసాయనం పెరిగి, అది లివర్‌కు కబురు పెట్టాక సీఆర్‌పీ పెరుగుతుంది. మాత్రలు వాడేవాళ్లలో చాలా పరిశోధనల్లో ఐఎల్-6 పెద్దగా కదల్లేదు. అంటే కబురేమీ రాకుండానే మాత్ర వల్ల లివర్ సీఆర్‌పీని పెంచుతోందన్నమాట. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ల విషయంలో ఇంకో ఆధారం ఉంది. వాళ్లకు ఈస్ట్రోజెన్‌ను మాత్రగా ఇస్తే సీఆర్‌పీ పెరుగుతుంది, చర్మం మీద అంటించే పట్టీగా ఇస్తే పెరగదు. పట్టీ నుంచి వచ్చే మందు నేరుగా రక్తంలో కలుస్తుంది, ముందుగా లివర్‌కు చేరదు. గర్భనిరోధక పట్టీలకు, రింగులకు ఈ మాట వర్తించదు. వాటిలోని ఇథినైల్ ఈస్ట్రడయాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్ ఏ దారిన వెళ్లినా లివర్ మీద గట్టిగానే పనిచేస్తుంది.

మీ టీ4 కథా ఇదే. ఈస్ట్రోజెన్ వల్ల థైరాయిడ్ హార్మోన్‌ను (టీ4ను) మోసుకెళ్లే ప్రొటీన్ పెరుగుతుంది. మన ల్యాబుల ప్యాకేజీల్లో ఎక్కువగా కొలిచేది మొత్తం టీ4ను. అందులో ఈ ప్రొటీన్‌కు అతుక్కుని ఉన్నదీ కలుస్తుంది కాబట్టి అంకె పెద్దదవుతుంది. ఒంటికి పనికొచ్చే ఫ్రీ టీ4 మామూలుగానే ఉంటుంది. థైరాయిడ్‌ను అదుపు చేసే హార్మోన్ టీఎస్‌హెచ్ మీకు మామూలుగా 2.3 ఉండటమే దానికి సాక్ష్యం. థైరాయిడ్ మందు మొదలుపెట్టకండి. అనుమానం తీరకపోతే ఫ్రీ టీ4 ఒక్కటి చేయించుకోండి, చాలు.

ఈఎస్‌ఆర్ అంటే పరీక్ష గొట్టంలో ఎర్ర రక్తకణాలు అడుగుకు దిగే వేగం. అది 28 ఉండటానికి కారణాలు ఒకటికి మించి ఉండొచ్చు. ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ పెరిగితే ఈఎస్‌ఆర్ పెరుగుతుంది, దాన్ని కూడా ఈ మాత్రలు కొంత పెంచుతాయి. రక్తహీనత ఉన్నా ఈఎస్‌ఆర్ పెరుగుతుంది. మీ రిపోర్టులో నాకు నిజంగా పట్టించుకోవాలనిపించిన అంకె ఇక్కడే ఉంది. హిమోగ్లోబిన్ 10.9ని ‘‘నాకెప్పుడూ అంతే’’ అని ఒక్క మాటలో తేల్చేశారు. గర్భిణి కాని స్త్రీకి 12 కంటే తగ్గితే రక్తహీనతే. ఆయాసం, నీరసం, జుట్టు రాలడం ఇవన్నీ మన ఇళ్లలో ఆడవాళ్లకు మామూలే అనుకుంటాం. మీ ఇంట్లో ఇంతమంది సీఆర్‌పీ గురించి మాట్లాడారు, హిమోగ్లోబిన్ గురించి ఒక్కరూ మాట్లాడలేదు. అది నాకు బాధగా అనిపించింది. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించుకుని, డాక్టరు చెప్పినన్నాళ్లు ఐరన్ వాడండి. రేపు రెండో బిడ్డ కావాలనుకున్నా ముందు సరిచేసుకోవాల్సింది దీన్నే.

ఉత్తరంలో అసలే లేని అంకె ఇంకొకటి ఉంది, బీపీ. ఏడాదిన్నరగా మాత్రలు వాడుతున్న మనిషికి ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి బీపీ చూడాలి. ఈ మాత్రలు మీకు సరిపడతాయా లేదా అన్నది తేల్చేవి బీపీ, సిగరెట్ అలవాటు, కళ్ల ముందు మెరుపులు కనబడి ఆపైన వచ్చే మైగ్రేన్, మీకో మీ తోబుట్టువులకో తల్లిదండ్రులకో కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర. వీటి గురించి ఎవరూ మిమ్మల్ని అడిగినట్టు లేదు. హెచ్‌ఎస్ సీఆర్‌పీ చూసి మాత్రలు ఇవ్వడం గానీ మాన్పించడం గానీ వైద్యంలో పద్ధతి కాదు.

‘మరి సీఆర్‌పీ 3 దాటితే గుండెకు ముప్పు అంటారు కదా?’ అని మీ ఆడపడుచు అడగొచ్చు. 1 లోపు తక్కువ, 3 దాటితే ఎక్కువ అన్న లెక్క నిజమే. కానీ అక్కడ సీఆర్‌పీ ఒక సూచిక మాత్రమే. అది తనంత తానుగా గుండెజబ్బు తెచ్చిపెట్టదని జన్యు పరిశోధనలు చెబుతున్నాయి. పైగా నోటితో ఈస్ట్రోజెన్ తీసుకునేవాళ్లలో ఆ అంకెను అదే కొలబద్దతో చదవకూడదు. మీ బరువునూ మర్చిపోవద్దు. ఒంట్లో కొవ్వు ఎక్కువ ఉంటే సీఆర్‌పీ దానివల్లా కొంత పెరుగుతుంది, పీసీఓడీలో ఇది మామూలే. బరువు వల్ల 2, 3 దగ్గర ఉన్న అంకె మాత్రల వల్ల రెట్టింపైతే ఇంచుమించు మీ అంకే వస్తుంది. 10 దాటి ఉంటే, జ్వరమో బరువు తగ్గడమో తగ్గని దగ్గో ఉంటే నేను ఇలా మాట్లాడను, కారణం వెతకమంటాను. రిపోర్టులో కొలమానం కూడా ఒకసారి చూసుకోండి. మిల్లీగ్రాములు లీటరుకు అని ఉండాలి. డెసిలీటరుకు అని ఉంటే మీ 6.4 నిజానికి 64 అవుతుంది, అప్పుడు వెంటనే డాక్టరును కలవాలి.

అమ్మగారి జబ్బు గురించి. పదేళ్లు దగ్గరుండి చూసిన మీ భయాన్ని నేను తక్కువ చేయను. కానీ కీళ్లవాతం రక్తంలో కంటే ముందు కీళ్లలోనే తెలుస్తుంది. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి అరగంట, గంట దాకా సడలకపోవడం, వేళ్ల మొదళ్లు, మణికట్లు వాచడం, ఇవి వారాల తరబడి ఉండటం. మీకు ఇవేవీ ఉన్నట్టు రాయలేదు. ఈ మాత్రలు కీళ్లవాతాన్ని తెచ్చిపెడతాయనడానికి ఆధారం లేదు. సొంత ఒంటి మీదే తిరగబడే యాంటీబాడీలను వెతికే ఏఎన్‌ఏ టెస్టు కూడా ఇప్పుడు వద్దు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే నూటికి సుమారు 13 మందికి, రక్తం నమూనాను 80 రెట్లు పలచన చేసి (1:80) చూసినా అది పాజిటివ్ వస్తుంది. ఆ జాబితాలో మీరూ ఉంటే ఇంట్లో ఇంకో ఎర్ర అక్షరం, ఇంకో నెల నిద్రలేమి. కీళ్ల లక్షణాలు ఎప్పుడైనా కనబడితే మాత్రం ఆలస్యం చేయకుండా రుమటాలజిస్టు దగ్గరికి వెళ్లండి. తల్లికి ఉన్నప్పుడు కూతురికి వచ్చే అవకాశం కాస్త ఎక్కువే.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మీరు ఎలాగూ ఆపేశారు. ఇది చదివేసరికి నెల దాటి ఉంటుంది. కాబట్టి ఆపినప్పటి నుంచి ఆరు నుంచి ఎనిమిది వారాలయ్యాక, జలుబు, పంటినొప్పి, దెబ్బలు లేని రోజు చూసుకుని, అదే ల్యాబులో హెచ్‌ఎస్ సీఆర్‌పీ మళ్లీ చేయించవచ్చు. సగానికి సగం దిగితే అనుమానం తీరిపోతుంది, చూపించడానికి మీ చేతిలో ఒక కాగితం కూడా ఉంటుంది. దిగకపోతే బరువు, చిగుళ్ల జబ్బు లాంటి కారణాల వైపు చూడాలి. ఈ దారికీ ఒక ఖరీదు ఉంది. అన్నాళ్లూ కండోమ్ తప్పనిసరి. పీసీఓడీలో నెలసరి మళ్లీ వెనక్కి పోవచ్చు. మూడు నెలలు దాటినా రాకపోతే గర్భాశయం లోపలి పొర మందమవుతుంది, దాన్ని అలా వదిలేయకూడదు.

పాత మాత్రలకే తిరిగి వెళ్లడం రెండో దారి. గర్భం లేదని తేలాక, బీపీ చూపించుకుని, మళ్లీ మొదలుపెట్టి, తొలి వారం కండోమ్ కూడా వాడాలి. సీఆర్‌పీ మళ్లీ పెరుగుతుంది, పెరుగుతుందని తెలుసు కాబట్టి దాన్ని మళ్లీ కొలవనక్కర్లేదు. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఈ మాత్రల అసలు ప్రమాదం సీఆర్‌పీ కాదు, కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టడం. మాత్రలు వాడని 10,000 మందిలో ఏడాదికి ఇద్దరికి అలా జరిగితే, లెవోనార్జెస్ట్రెల్ అనే ప్రొజెస్టిన్ ఉన్న మాత్రలు వాడేవాళ్లలో 5 నుంచి 7 మందికి, డ్రోస్పైరినోన్ అనే ఇంకో రకం ప్రొజెస్టిన్ ఉన్నవాటితో 9 నుంచి 12 మందికి జరుగుతుంది. కాన్పు తర్వాతి తొలి వారాల్లో ముప్పు వీటన్నిటి కంటే చాలా ఎక్కువ. మాత్రలతో ఈ ముప్పు మొదలుపెట్టిన తొలి నెలల్లో ఎక్కువగా ఉండి తర్వాత తగ్గుతుంది, నాలుగు వారాలు దాటి ఆపి మళ్లీ మొదలుపెడితే ఆ తొలి నెలలు మళ్లీ మొదటికొస్తాయి. అందుకే భయమేసినప్పుడల్లా ఆపడం, ధైర్యం వచ్చినప్పుడు మొదలుపెట్టడం మంచిది కాదు. వాడితే నిలకడగా వాడాలి, వద్దనుకుంటే ఇంకో పద్ధతికి మారాలి. మీ స్ట్రిప్పు మీద ఏ మందు పేరు ఉందో చూసి, లెవోనార్జెస్ట్రెల్ రకానికి మారొచ్చా అని గైనకాలజిస్టును అడగండి. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్‌లో ఉండేది అదే, స్ట్రిప్పు చివర ఏడు ఐరన్ మాత్రలు కూడా ఉంటాయి. అయితే పీసీఓడీ వల్ల మొటిమలు, అవాంఛిత రోమాల కోసం కూడా మీకు వేరే రకం రాసి ఉంటే ఆ ప్రయోజనం కొంత తగ్గొచ్చు.

ఈస్ట్రోజెన్ లేని పద్ధతులు మూడో దారి. లెవోనార్జెస్ట్రెల్ ఉండే గర్భాశయ పరికరం సీఆర్‌పీని పెద్దగా కదిలించదు. గర్భాశయం పొరను కాపాడుతుంది, బ్లీడింగ్ తగ్గిస్తుంది కాబట్టి మీ రక్తహీనతకు కూడా మంచిదే. తొలి కొన్ని నెలలు మరకలు మరకలుగా కనబడుతుంది, ఖర్చు ఎక్కువ. పిల్లలు కావాలనుకున్నప్పుడు తీయించేస్తే చాలు. కాపర్-టీలో హార్మోనే లేదు, సర్కారు దవాఖానాలో ఉచితం. కానీ 10.9 హిమోగ్లోబిన్‌తో, బ్లీడింగ్ పెంచే కాపర్-టీ మీకు నా మొదటి ఎంపిక కాదు. ‘అంతర’ అనే హార్మోన్ ఇంజెక్షన్ మూడు నెలలకోసారి, అదీ ఉచితమే. ఆపాక గర్భం నిలవడానికి నెలల తరబడి ఆలస్యం కావొచ్చు, బరువు పెరగొచ్చు. రెండేళ్లలో బిడ్డ కావాలనుకుంటున్న మీకు ఇది ఇబ్బందే. హార్మోన్ లేదు కదా అని ఎవరైనా ఛాయా మాత్రలు చెబితే, అవి పీసీఓడీ ఉన్నవాళ్లకు పనికిరావని గుర్తుంచుకోండి.

అత్తయ్యగారు చెప్పే దారి కూడా ఒక దారే. మీకు ఇష్టమైతే రెండో బిడ్డను ఇప్పుడే కనొచ్చు. కానీ ఆ మాట రిపోర్టు పేరు చెప్పుకుని రాకూడదు. 1995 అక్టోబరులో బ్రిటన్‌లో కొన్ని రకాల మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువని ప్రభుత్వ హెచ్చరిక వస్తే, వేలమంది ఆడవాళ్లు డాక్టరును అడక్కుండానే మాత్రలు ఆపేశారు. మరుసటి ఏడాది అక్కడ అబార్షన్లు పెరిగాయి. భయంతో ఆపినవాళ్లెవరూ కోరుకున్న ఫలితం కాదది.

ఇంట్లో ఏం చెప్పాలన్నది మీ ఇష్టం. ‘పీసీఓడీకి డాక్టరు రాసిన మందు అది’ అంటే అబద్ధం కాదు, ఆ పూటకు గొడవ సద్దుమణుగుతుంది. కానీ రెండో బిడ్డ ప్రశ్న అలాగే ఉండిపోతుంది, వచ్చే నెల ఇంకో సాకుతో మళ్లీ వస్తుంది. ‘రెండేళ్లు ఆగుదామని మేమిద్దరం అనుకున్నాం’ అని సూటిగా చెబితే కొన్నాళ్లు మాటలు పడాల్సి రావొచ్చు. నా మనసుకు రెండోదే నచ్చుతుంది, అయితే ఆ మాట మీ ఆయన నోటి నుంచి రావాలి. ఆయన అమ్మతో ఆయనే మాట్లాడాలి. రిపోర్టు ఫార్వర్డ్ చేసింది కంగారుతోనే, దురుద్దేశంతో కాదు. అయినా మీ రక్తపరీక్ష వివరాలు ఎవరికి చూపించాలన్నది మిమ్మల్ని అడిగి చేయాల్సిన పని అని ఆయనకు చెప్పండి. గైనకాలజిస్టు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి. డాక్టరు చెప్పేది ఆయన చెవులతో ఆయన వినడం, మీరు ఇంటికొచ్చి చెప్పడం కంటే ఎన్నో రెట్లు మేలు. రెండు నెలలు కండోమ్ వాడాల్సిందీ ఆయనే కదా.

అక్కడికి వెళ్లేటప్పుడు రెండు రిపోర్టులూ మాత్రల స్ట్రిప్పూ పట్టుకెళ్లండి. మళ్లీ ఎప్పుడు రక్తపరీక్షకు ఇచ్చినా, వాడుతున్న మందుల్లో గర్భనిరోధక మాత్రల పేరు కూడా తప్పకుండా చెప్పండి. మొహమాటంతో అది చెప్పకపోవడం వల్లే ఇలాంటి తికమకలు ఎక్కువగా వస్తాయి.

మాత్రలకు తిరిగి వెళ్తే ఈ లక్షణాలు గుర్తుంచుకోండి: ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టడం, ఉన్నట్టుండి ఆయాసం లేదా ఛాతీనొప్పి, ఎన్నడూ లేనంత తలనొప్పి, చూపు మసకబారడం, మాట తడబడటం, తీవ్రమైన కడుపునొప్పి. వీటిలో ఏది వచ్చినా మాత్ర ఆపేసి, అర్ధరాత్రి అయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లి, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నానని మొట్టమొదట చెప్పండి.